అమ్మెడు బండికి క్రొత్త పంపు

పాతవస్తువు నమ్మువాడు దాని లోపములను కొనువానికి ఎంతవరకు చెప్ప బద్ధుడు? అడిగినదానికి అబద్ధము చెప్పకుండిన చాలునా, లేక అడుగనిదానిని గూడ తానై విప్పి చూపవలెనా? ఈ ప్రశ్నను మేము పుస్తకములలో చాలకాలము క్రిందటనే చదివియుంటిమి. తగిన సమాధానము మాకు తెలియుననియే అనుకొనియుంటిమి. కాని 2025వ సంవత్సరపు వేసవిలో, కదిరియందు మా యింటి ముందరి వేపచెట్టు నీడను నిలిచియున్న పాత అంబాసిడరు కారు ఈ ప్రశ్ననే మరల వేసినప్పుడు, ఆ సమాధానము మా నోట నుండెనే గాని చేతికి రాలేదు. ఆ కథను, దానివలన మా యింట జరిగిన తర్కమును చదువరుల యెదుట నుంచుచున్నాము. ఇందు మా గొప్ప యేమియు లేదు. ఉన్నదంతయు కొంత సిగ్గుతో కూడినదే.

ఈ కారును మా తండ్రిగారు 1988లో అనంతపురమునందొక పెద్దమనిషి యొద్ద కొనిరి. అప్పటికే అది ఏడెండ్లు తిరిగినది. అమ్మినాయన బేరము కుదిరిన పిదప, రూకలు చేత బుచ్చుకొనుటకు ముందు, "రెండవ గేరు ఒక్కొక్కప్పుడు జారిపోవును. ఎక్కుడు దారిలో చేయి తీయకుడు" అని చెప్పెనట. మా తండ్రిగారు ఇరువది యేండ్లకు పైగా ఆ కారును నడిపిరి. ఎక్కుడు వచ్చినప్పుడెల్ల స్టీరింగు ప్రక్కనున్న గేరుకఱ్ఱపై చేయి ఆనించి, ఆ పెద్దమనిషిని తలచుకొనుచుండిరి. ఆయన పేరు మాకు తెలియదు. ఆయన మాట మాత్రము మా యింట నిలిచినది.

అంబాసిడరును గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. ఇంగ్లండునందలి మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారు నచ్చు తెచ్చి, హిందుస్తాన్ మోటార్సువారు వంగదేశమునందలి ఉత్తరపాడలో 1950ల చివరి నుండి 2014 వరకు దీనిని చేసిరి. అంతకాలము ఒకే యాకారముతో వచ్చిన కారు మన దేశమున మరియొకటి లేదు. మంత్రులు ఎక్కిరి, పెండ్లికొడుకులు ఎక్కిరి, పురిటి నొప్పులతో గ్రామములనుండి స్త్రీలను ఆసుపత్రికి తెచ్చినదియు ఇదియే. ఏ యూరి మెకానిక్కైనను రెండు మూడు పానాలతో దీనిని విప్పగలడు. మా కథ కంతటికి మూలమైన పంపు గూడ అట్లు విప్పదగినదే.

మా చదువరులలో కారు బానెట్టు నెత్తి చూడనివారు ఎక్కువమంది యుందురు కావున, ఆ పంపు చేయు పని యెట్టిదో కొంచెము చెప్పవలయును. అంబాసిడరు పెట్రోలు తొట్టి వెనుక డిక్కీ క్రింద నుండును. ఇంజను ముందుండును. తొట్టి పల్లమున, కార్బొరేటరు మెట్టన నున్నవి కావున పెట్రోలు తానై ప్రవహింపదు. దానిని తోడి తెచ్చుటకు ఇంజను ప్రక్కను రెండు బోల్టులతో బిగించిన యొక చిన్న పంపు కలదు. దీనిని మన మెకానిక్కులు ఏసీ పంపు అందురు. ఇంజనులోపల తిరుగు క్యాంషాఫ్టు ఈ పంపుయొక్క చేతిని మాటిమాటికి కదల్చును. ఆ చేయి లోపలనున్న పలుచని రబ్బరు పొరను క్రిందికి లాగును. పొర దిగినప్పుడు తొట్టినుండి పెట్రోలు వచ్చి పైగదిలో నిండును. పొరక్రిందనున్న స్ప్రింగు దానిని మరల పైకి నెట్టును. అప్పుడు పెట్రోలు కార్బొరేటరునకు పోవును. అక్కడ చాలినంత నిండినచో సూది మూసికొనును. పొర క్రిందనే ఆగును. చేయి ఊరక ఆడుచుండును. ఇంజను లాగుటయే గాని నెట్టుట లేదు. నెట్టెడిది స్ప్రింగు. కావుననే ఇంజను ఎంత వేగముగ తిరిగినను పెట్రోలు పొంగిపోదు. ఇంత తెలివి ఇంత చిన్న యినుపముక్కలో నిమిడియుండుట మమ్ము ఇప్పటికిని ఆశ్చర్యపరచుచున్నది.

ఈ పంపునందు మరియొక విశేషము కలదు. రబ్బరు పొరకు దిగువను, పంపు దేహమునకు ప్రక్కగా ఒక సన్నని రంధ్రము పెట్టియుందురు. పొర చినిగినచో పెట్రోలు క్రిందికి దిగి ఆ రంధ్రముగుండ బొట్లుబొట్లుగా బయటికి కారును. యజమాని చూచి తెలిసికొనును. పని జరుగుటకు ఆ రంధ్రముతో నిమిత్తము లేదు. లోపము దాగకుండుటకే అది యున్నది. మా పంపునందు ఆ రంధ్రము దుమ్ముతోడను జిడ్డుతోడను కూడి ఎప్పుడో మూసికొనిపోయినది. దానిని మేము మూయలేదు. తుడిచినవారమును కాము. పొర చినిగినప్పుడు పెట్రోలునకు బయటికి దారి లేక, లోపలికి దిగి ఇంజను ఆయిలుతో కలియసాగెను.

పెట్రోలు కలిసిన ఆయిలు పలుచనగును. పలుచనైన ఆయిలు బేరింగులపై నిలువదు. లోహమును లోహము రాచుకొని అరుగును. ఇదంతయు బయటికి కానరాదు. బయటికి కనబడునది దీనికి సరిగా విరుద్ధము. ఆయిలు గేజిపుల్ల తీసి చూచినచో ఆయిలు తగ్గకుండుటయే గాక నానాటికి కొంచెము పెరుగును! పాతకారు ఆయిలు తినుట సహజము. మాది తినుట మానినదని దీపావళినాడు మేము సంతోషించితిమి. పుల్లకు పెట్రోలు వాసన తగిలినమాట నిజము. చేతికి ఉన్నవాసన యనుకొంటిమి. మరల సంక్రాంతికి అదే వాసన వచ్చెను. ఎండలు ముదిరిన పిమ్మట కారు అప్పుడప్పుడు దారిలో ఆగసాగెను. గొట్టములోని పెట్రోలు వేడికి ఆవిరియైనచో పంపు ఆవిరినే పీల్చి, బండి నిలుచుట కలదు. పంపుపై తడిగుడ్డ వేసి పావుగంట నిలిపినచో మరల కదలును. కావున తప్పంతయు ఎండమీద నెట్టితిమి. సాలీనా 550 మిల్లీమీటర్ల వానయైన నిలుకడగ కురియని మా సీమలో, ప్రతి నష్టమునకును ఆకాశమునే కారణముగ చూపుట అలవాటైపోయినది. చాలసార్లు అది నిజమే. నిజమగుటచేతనే మా బద్ధకమునకు అది మంచి మఱుగుగా నుపయోగించినది.

పెట్రోలు నిందు గూడ కొంత కలదు. మన దేశమున పెట్రోలునందు ఇథనాలు పాలు క్రమముగ పెంచుచు, 2025 నాటికి నూటికి 20 పాళ్లకు తెచ్చిరి. పాతబండ్ల రబ్బరును ప్లాస్టికును ఈ మిశ్రమమునకు తగినవిగా మార్చవలసియుండునని 2021లో నీతి ఆయోగ్ ప్రకటించిన నివేదికయందే కలదు. మా పంపు పొర దీనివలననే చినిగెనో, వయస్సువలననే చినిగెనో మేము చెప్పజాలము. రెండును కారణములు కావచ్చును.

ఇక బేరము సంగతి. కదిరి నరసింహస్వామి రథోత్సవము ముగిసిన కొన్నాళ్లకు, దాపు గ్రామమునుండి యొక యువకుడు కారును చూడవచ్చెను. అతని తండ్రి ముప్పదియేండ్లు పరుల అంబాసిడరు కార్లను నడిపి కుటుంబమును పోషించినవాడట. ఒక్క కారైనను తనదని చెప్పుకొనుటకు నోచుకొనలేదట. కుమారునికి బెంగళూరులో ఉద్యోగమైనది. తండ్రికి సొంతముగ నొక అంబాసిడరు కొని యీయవలెనని అతని కోరిక. లక్షాపదివేలకు బేరము కుదిరినది. అతడు పదివేలు బయానా యిచ్చెను. కారును గూర్చి అతనికి తెలిసినది స్వల్పము. ఐనను తెలిసినవానివలె చుట్టును తిరిగి, టైర్లను తట్టి, బానెట్టు నెత్తి, గేజిపుల్లను లాగి చూచెను. ఆయిలు గీతవరకు నిండియుండెను. అతడు మావంక తిరిగి, "ఆయిలు తినదు కదా సార్!" అనెను.

మేము నవ్వితిమి.

ఆ నవ్వు అర్థమేమో అప్పుడు మేము విచారింపలేదు. అప్పటికింకను పంపు సంగతి మాకు స్పష్టముగ తెలియదనియు చెప్పుకొనవచ్చును. కాని పుల్లకంటిన వాసన రెండుమార్లు మా ముక్కునకు తగిలియుండెను. తెలియకుండుట వేరు, తెలిసికొనకుండుట వేరు.

మే నెలలో ముదిగుబ్బనుండి వచ్చుచుండగా కారు దారిలో నిలిచిపోయెను. ఈసారి తడిగుడ్డకు లొంగలేదు. లారీకి త్రాడు కట్టించి కదిరికి ఈడ్పించుకొని వచ్చితిమి. మా యెరుకలోని మెకానిక్కు వృద్ధుడు, ఈ పనిలో చేయి తిరిగినవాడు. మేమాతనిని భాయ్ అని పిలుతుము. అతడు పంపును విప్పి, పొరను వెలుగునకు పట్టి చూపెను. గోరంత చినుగు. తరువాత గేజిపుల్లను తీసి ముక్కునొద్ద పెట్టుకొని, ఏమియు మాటాడక మాకందించెను. ఇంజనును మరియొక విధముగ నడిపించి, చాలసేపు చెవియొగ్గి విని, "అడుగున కొంచెం శబ్దముంది సార్. బేరింగులు ఎంత తిన్నాయో చాంబరు దించితే గాని చెప్పలేను" అనెను.

బండి అమ్ముడుపోయినదని మేము చెప్పగానే అతని ముఖము మారెను. "అమ్మేసే బండికి కొత్త పంపెందుకు సార్? మూడు నూర్లకు రబ్బరు కిట్టు వస్తుంది. రెండు మూడు నెలలు ఆడుతుంది. ఆ తర్వాత వాళ్లు చూసుకుంటారు" అనెను. ఇతడు దుర్మార్గుడని చదువరులు తలపరాదు. మా బండినుండి అవసరములేని రూపాయి యెన్నడును తీసికొనినవాడు కాడు. మా మేలు కోరియే అట్లనెను. క్రొత్త పంపు రెండువేల లోపున వచ్చును. బిగించుటకు గంటసేపైనను పట్టదు. పంపునకు ఇంజనుకు నడుమ నుండు దిమ్మెను మరువక పెట్టవలెను. లేనిచో వేడి నేరుగ ఎక్కును. చేయి క్యాంపై సరిగా కూర్చుండవలెను. ఇంతియే పని. ఆ రెండువేలు మాకు భారము కాదు. ఐనను "అమ్మేసే బండి" అనుమాట మా చెవికి ఎంతో యింపుగ వినబడెను. ఒక వస్తువు మనది కాకపోవుచున్నదని తెలిసినతోడనే దానియెడల మన ధర్మము గూడ చల్లగ జారిపోవుచున్నది. అద్దెయిల్లు విడుచు నెలలో కుళాయి కారినను ఎవ్వరు బాగుచేయుదురు?

ఆ రాత్రి మా యింట ఈ విషయమై చర్చ జరిగినది. మా బావగారు న్యాయవాదులు. పని మీద వచ్చియుండిరి. వారు నవ్వి, చట్టము మమ్మేమియు చేయదనిరి. 1930వ సంవత్సరపు సరకుల విక్రయ చట్టము 16వ సెక్షను ప్రకారము, వ్యాపారి కానివాడు తన పాతవస్తువు నమ్మినప్పుడు దాని గుణమునకు సామాన్యముగ పూచీ లేదు. కొనువాడే చూచుకొనవలెను. 1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టము 17వ సెక్షనునందు ఇంకను స్పష్టముగ, ఊరకుండుట మాత్రమే మోసము కాదని యున్నది. అచ్చట చట్టకర్తలే గుఱ్ఱపు ఉదాహరణములు చెప్పియుండుట వింత. ఒకడు తన గుఱ్ఱమునకు జబ్బున్నదని యెరిగియు వేలమున నమ్మి, ఏమియు చెప్పలేదు. అది మోసము కాదు. కొనునది ఆతని కూతురే యైయుండి, అప్పుడే యుక్తవయస్సు వచ్చినదైనచో, చెప్పుట తండ్రి విధి. కొనువాడు "నీవు కాదనకుండిన గుఱ్ఱము మంచిదే యనుకొందును" అనగా అమ్మువాడు మౌనముగ నుండినచో, ఆ మౌనము మాటతో సమానము.

మా బావగారు మొదటి ఉదాహరణమును నొక్కి చెప్పి తక్కినవానిని వేగముగ చదివిపోయిరి. మాకు మూడవదానికడనే ఊపిరి నిలిచెను. "ఆయిలు తినదు కదా సార్!" అని ఆ యువకుడడిగిన సంగతి, మేము నవ్విన సంగతి వారెరుగరు. అప్పుడు గూడ మేము వారికి చెప్పలేదు.

మన ప్రాచీన ధర్మశాస్త్రములు ఈ విషయమున చట్టముకంటె కఠినముగ నున్నవి. సారములేనిదానిని, కొలతకు తక్కువైనదానిని, మఱుగుపరచినదానిని అమ్మరాదని మనువు విధించెను. యాజ్ఞవల్క్యుడు కొన్న వస్తువును పరీక్షించుటకు గడువులు గూడ నేర్పరచెను. విత్తనములకు పది దినములు, ఇనుమునకు ఒక్క దినము, బరువు మోయు పశువులకు ఐదు దినములు. మోటారుకారు ఇనుమా, వాహనమా యని ఆయన నడిగినచో ఏమనియుండునో! ఈ గడువులయందు మాకు తోచిన న్యాయమేమన, లోపము బయటపడుటకు కావలసినంత కాలమును కొనువానికీయవలెను. రబ్బరు కిట్టు మూడు నెలలాడును. మెకానిక్కు లెక్క సరిగా ఆ గడువునకు వెలుపల పడుటకే ఏర్పడినది.

క్రీస్తునకు పూర్వము 44వ సంవత్సరమున రోము నగరమున సిసిరో తన కుమారునికై వ్రాసిన ధర్మగ్రంథమునందు ఇదే వాదము కలదు. రోడ్సు ద్వీపమున కరవు. అలెగ్జాండ్రియానుండి యొక వర్తకుడు ఓడనిండ ధాన్యముతో వచ్చెను. వెనుక మరికొన్ని ఓడలు వచ్చుచుండుట అతడు చూచెను. ద్వీపవాసులకు తెలియదు. చెప్పవలెనా, చెప్పక గొప్పవెలకు అమ్మవచ్చునా? స్టోయిక్కు మతమునందలి గురువైన డయోజనిసు, దాచుట వేరు, చెప్పకుండుట వేరు, చట్టమడిగినంత చెప్పిన చాలుననెను. ఆతని శిష్యుడే యైన ఆంటిపేటరు, మనుష్యులందరును ఒక్క సంఘమువారగుటచే, కొనువానికి తెలియదగినదానిని అమ్మువాడు తెలిసియు దాచరాదనెను. సిసిరో శిష్యుని పక్షమున తీర్పు చెప్పెను. సిసిరోయు న్యాయవాదియే! ఈ మాట మా బావగారితో ననగా వారు, "ఆయన ఓడిన కేసులు గూడ కలవు" అని లేచి పండుకొనబోయిరి.

కాని డయోజనిసు వాదమును తేలికగ త్రోసివేయుటకు మేమొప్పము. ప్రతి లోపమును ప్రతివాడు చాటుచుండినచో సంత నడువదు. మా కదిరి మల్లెలు ప్రసిద్ధములు. సాయంకాలము మూరలెక్కన కొనుదుము. ఉదయమునకు వాడును. వాడునని పూలమ్మి చెప్పనక్కరలేదు. అది అందరెరిగినదే. పాతకారు పాతదని చెప్పుట అనవసరము. వేరుసెనగ సంగతియు అట్టిదే. కదిరి పరిశోధనా కేంద్రమువారు తీసిన వంగడములకు ఈ యూరి పేరే పెట్టియున్నారు. అంత కాయల వ్యాపారము గల ఊరిలో వర్తకుడు గుప్పెడు కాయలు తీసి, ఒలిచి, పప్పు నమిలి చూచి గాని వెల చెప్పడు. పశువుల సంతలో పండ్లు చూతురు, సుళ్లు చూతురు, నాలుగడుగులు నడిపించి చూతురు. తువ్వాలు చాటున దలారులు వేళ్లు పట్టి బేరమాడినను, ఎద్దుమాత్రము బయటనే నిలిచియుండును. ఒలిచి చూడ వీలైనదానికి కొనువాని కండ్లే కావలి. ఇంజను అట్టిది కాదు. దాని లోపల నేమున్నదో ఆరునెలలు వాసన చూచిన మాకే తెలియును. ఇద్దరిలో ఒక్కనికి మాత్రమే తెలియ వీలైన చోట, చెప్పకుండుటకును దాచుటకును నడుమ డయోజనిసు గీచిన గీత మాకు కనబడుటలేదు.

ఇంకొక అభ్యంతరము కలదు. ఇది మమ్ము చాల బాధించినది. కరవు సంవత్సరమున అప్పుదీర్చుటకై కుంటియెద్దును సంతకు తోలుకొనిపోవు రైతు, దాని కుంటు దళారికి చెప్పి సగము వెలకు అమ్ముకొనవలెనా? ఆ సగమునందే అతని బిడ్డల గ్రాసమున్నది. అనంతపురము సీమనుండి కుటుంబములు కూలికై బెంగళూరునకు వలసపోవుట కన్నవారమై, ఆ రైతు మౌనమును మా మౌనమునకు వేసిన కొలతతోనే కొలుచుటకు మాకు మనసొప్పదు. అతడు చేసినది ధర్మమని చెప్పము. అతనిని శిక్షించువాడు ముందుగ అతని అప్పు పత్రమును చదువవలెనని మాత్రము చెప్పుదుము. మాకట్టి అప్పు లేదు. రెండువేల రూపాయలు, కొంత నామోషీ, ఇవియే మాకు పోవునవి. చెప్పుటకు శక్తి గలవాడు చెప్పకుండుటకు రైతు కష్టమును సాక్ష్యముగ తెచ్చుకొనుట రెండవ దొంగతనము.

కావున మరునాడుదయమున క్రొత్త పంపు వేయింప నిశ్చయించితిమి. పాత ఆయిలు పూర్తిగ దింపించి క్రొత్తది పోయింపనెంచితిమి. మనస్సు తేలికపడెను. కాఫీ త్రాగుచు ఈ సంగతి మా గృహిణితో కొంచెము గర్వముగనే చెప్పితిమి. ఆమె కొంతసేపు ఆలోచించి, "క్రొత్త పంపు వేసి, క్రొత్త ఆయిలు పోసిన తరువాత, అరిగిన బేరింగుల సంగతి ఆ అబ్బాయికి ఎట్లు తెలియునండీ?" అని అడిగెను.

మాకు వెంటనే ప్రత్యుత్తరము తోచలేదు. ఆమె చెప్పినది నిజము. చినిగిన పంపుతో ఇచ్చియుండినచో వారమునకో పక్షమునకో బండి ఆగును, మెకానిక్కు విప్పును, పెట్రోలు వాసన పసికట్టును, యువకుడు వచ్చి మమ్ము నిలదీయును. మేము చేయబోవు మంచి మరమ్మతు ఆ సాక్ష్యమునంతటిని తుడిచివేయును. ఆయిలు శుభ్రము, పంపు క్రొత్తది, బండి చక్కగ నడుచును. బేరింగులు ఏడాదికో రెండేండ్లకో మొరాయించును. అప్పుడు మా పేరెవ్వరును తలపరు. మూడువందల కిట్టు మోసమని త్రోసివేసి, రెండువేల మోసమును సత్కార్యమనుకొని కాఫీతో సంతోషించుచుంటిమి! పంపునందలి ఆ సన్నని రంధ్రమును దుమ్ము మూసినది. ఇక్కడ మేమే మూయబోయితిమి.

మన సంఘమునందలి మరమ్మతులలో ఎన్ని ఈ తీరువో యని ఆనాటినుండి మాకొక అనుమానము పట్టుకొనినది. పెండ్లి చూపులకు ముందు గోడలకు వేయు సున్నము, తనిఖీ అధికారి వచ్చు దినమున బడిలో పరచు క్రొత్త చాపలు, ఇవి గూడ మరమ్మతులే. చెడ్డవని యెవ్వరనగలరు?

క్రొత్త పంపు వేయించితిమి. అది మానవలసిన పని కాదు గదా! చెడిన పంపుతో బండి నమ్ముట మరియు పాపము. పాతపంపును, చినిగిన పొరతోసహా, వార్తాపత్రికలో చుట్టి యుంచితిమి. యువకుని ఫోనులో పిలిచి, తండ్రిని గూడ తీసికొని రమ్మంటిమి.

ఆదివారమునాడు ఇరువురును వచ్చిరి. తండ్రి బక్కపలుచని మనిషి, కాకిరంగు చొక్కా. అలవాటుచేత కాబోలు, కారును చూడగానే భుజముమీది తువ్వాలుతో అద్దమును తుడిచెను. మేము పాతపంపు విప్పి చూపి, ఆయిలులో పెట్రోలు కలిసినదనియు, బేరింగులు కొంత అరిగియుండవచ్చుననియు, చాంబరు దించి చూపించుకొనవలసియుండుననియు చెప్పితిమి. ఆ ఖర్చునకై పండ్రెండువేలు తగ్గింతుమనియు, అక్కరలేదన్నచో బయానా తిరిగి యిత్తుమనియు చెప్పితిమి. యువకుడు తండ్రి ముఖమువంక చూచెను. తండ్రి పొరను వ్రేలితో సాగదీసి చూచి, "ఎన్నాళ్ల నుంచి వాసనొస్తాంది సామీ?" అని అడిగెను.

"సంక్రాంతి నుండి" అంటిమి.

ఆ మాట నోటినుండి వెడలిన పిదపగాని అది అబద్ధమని మాకే తోచలేదు. వాసన మొదట తగిలినది దీపావళికి. అంత సిద్ధపడి, పంపు చుట్టిపెట్టి, వారిని పిలిపించి, వెల తగ్గించి, చివరకు రెండున్నర నెలలు మ్రింగితిమి. ఏ లాభమునకో మాకిప్పటికిని తెలియదు. కొంచెము మంచివారుగ కనబడుటకే కావచ్చును. గడపలో నిలిచియున్న మా గృహిణి ఏమియు అనలేదు. కొంతసేపటికి, "కాదు, దీపావళి నాటికే ఉండినది. అప్పుడు పట్టించుకొనలేదు" అని చెప్పితిమి. గొంతు మాదివలె లేకుండెను.

తండ్రి తల యూచెను. ఆయనకు కోపము వచ్చినట్లు గాని, మెచ్చుకొనినట్లు గాని కనబడలేదు. "ఏడెనిమిది నెలలు. అయితే రెండు బేరింగులు మార్చాల్సిందే" అని కుమారునితో ననెను. ఆయన లెక్కలో అది కేవలము కొలత. మా గొంతులో నిలిచినదేదో ఆయన కక్కరలేదు. బానెట్టు నెత్తించి, గేజిపుల్లను తీసి, వ్రేళ్ల నడుమ ఆయిలును రాచి, వాసన చూచెను. మరల పుల్లను లోపల పెట్టి చేతులు తుడుచుకొనుచు, "కొత్త ఆయిలు ఏం చెప్తాది సామీ! ఆ పాత పంపు మాకే ఇయ్యండి" అనెను.

చుట్టిన కాగితముతోసహా ఇచ్చితిమి. ఆయన దానిని ముందుసీటు క్రింద పెట్టి, స్టీరింగు నొద్ద కూర్చుండి, రెండవ గేరును ఒకటి రెండుసార్లు వేసి తీసి చూచెను. అది జారునని చెప్పుటకు మేము నోరు తెరచునంతలో ఆయన చేయి గేరుకఱ్ఱపై ఆనియేయుండెను.